దండ వేసి దిగిపో

సంఘం అంతా వినండి, కానీ మిమ్మల్నే అంటున్నాను, డాక్టర్ భాస్కర్ రావు గారూ. మీ పక్కన కూర్చుని తలకాయ ఊపిన మా ఆయన మధుసూదన్ గారిని కూడా కలుపుకునే అంటున్నాను. బ్రెమెన్‌లో మన తెలుగు సంఘం మొదలైన నాటి నుంచి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల అయిపోయాక ఆ చిన్న గ్లాసులు ఎవరు కడుగుతున్నారో మీలో ఒక్కరైనా చూశారా? వేలు పట్టని గ్లాసులవి. లోపలికి గుడ్డ పోదు. సన్న బ్రష్షు పెట్టి ఒక్కోటీ తిప్పి తిప్పి కడగాలి, లేకపోతే అడుగున ద్రాక్షరసం ఎర్రగా పట్టేస్తుంది. మెషిన్‌లో పెడితే ఒరిగి పగులుతాయి. వాటిలో రసం పోసేది మేము. తుడిచి ట్రేలో సర్దేది మేము. ట్రే వంటగది గుమ్మం దాటేసరికి మాత్రం అది మీ చేతుల్లో ఉంటుంది. గుమ్మం నుంచి ఆల్టర్ దాకా ఉన్న ఆ కాస్త దూరం మాది కాదు. మీరు తెల్లచొక్కాలు వేసుకుని గంభీరంగా మోస్తారు, అందరూ తాగుతారు, ఖాళీ ట్రే మళ్ళీ మా సింకులోకి వస్తుంది. దీన్ని దేవుడి ఏర్పాటు అన్నది మీరే. దేవుడు ఎప్పుడన్నాడో, మీకు ఏ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఇచ్చి పిలిచి చెప్పాడో నాకు తెలియదు.

అది చాలదన్నట్టు బిషప్ వచ్చే ముందు నాకో పని అప్పగించారు చూడండి, దాని గురించి మాట్లాడాలి.

మన సంఘం జర్మన్ వాళ్ళ చర్చి హాలు ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటుంది. కిందటేడాది ఎపిస్కోపల్ చర్చిలో చేరాం. చేరమని పట్టుబట్టింది మీరే, బిషప్ అంటూ ఒకరుంటే సంఘానికి గౌరవం అని. ఆ చర్చిలో బిషప్ వచ్చి తల మీద చేతులుంచితేనే పిల్లలకు కన్ఫర్మేషన్, అంటే సంఘంలో పూర్తి సభ్యత్వం. మా అమ్మాయి తన్వి ఏడాది పొడుగునా పాఠాలకు వెళ్ళి సిద్ధమయింది. ఇంతలో పాత బిషప్ గారు రిటైరయ్యారు. కొత్త బిషప్‌గా ఎన్నికైంది ఒక ఆడమనిషి. పేరు ఆనెగ్రెట్.

ఆవిడ రావడానికి ముందు ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ బల్ల దగ్గర మీ సమావేశం నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"ఆవిడ రావాల్సిందేనమ్మా, కాదనటంలా," అన్నారు డాక్టరు గారు. యాభై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నా ఆయన తెలుగు తెనాలి దాటి రాలేదు. "వస్తారు, నాలుగు మంచి మాటలు చెప్తారు, మన కోడికూర తింటారు, ఎళ్తారు. బల్ల ఇవ్వటానికి హాంబుర్గ్ నుంచి పాస్టరు అయ్యగారిని పిలుద్దాం. పిల్లల కన్ఫర్మేషన్ అంటారా, వచ్చే ఏడాది చూద్దాం. మనూరి నించి ఎవరో ఒక బిషప్ గారు రాకపోతారా?"

"మరి చేతులుంచొద్దని ఆవిడకెవరు చెప్తారండీ?" మా ఆయన అడిగాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. నా చేతిలో ఎంగిలి కేకు ప్లేట్లున్నాయి.

"మన దయామణి చెప్తది. ఆడాళ్ళూ ఆడాళ్ళూ మాట్లాడుకుంటే ఆ నెప్పి తెలవదు."

"నీ జర్మన్ నాకన్నా నయం కదా," అన్నాడు మా ఆయన. పెళ్ళయ్యాక ఆయన నాలో ఒక గుణాన్ని మెచ్చుకోవడం అదే మొదలు.

అప్పుడు సహస్ర నోరు తెరిచింది. ఇక్కడి యూనివర్సిటీలో విమానాల చదువు చదువుతున్న వరంగల్ పిల్ల. "గదంత సరే అంకుల్, సన్మానం ఎట్ల? దండ ఎవలేస్తరు?"

ఆ సంగతి మీకు తట్టలేదు. బిషప్ వస్తే దండా శాలువా లేకుండా మన తెలుగువాళ్ళం ఊరుకుంటామా? ఇప్పటిదాకా వచ్చిన ప్రతి అయ్యగారి మెడలో డాక్టరు గారే వేశారు. కానీ పరాయి ఆడమనిషి మెడలో మగాడు దండ వెయ్యడమెట్లా?

"చేతికిద్దామా?" అన్నాడు మా ఆయన.

"చేతికిస్తే కూరగాయలిచ్చినట్టుంటది అంకుల్."

"పోనీ ఆడవాళ్ళ చేతే వేయిద్దాం, ఆల్టర్ మెట్టు ఎక్కించకుండా కింద, కుర్చీ దగ్గర."

"కింద అయితే ఫొటోలో శిలువ పడదయ్యా," అన్నారు డాక్టరు గారు చాలా బాధగా. ఆలోచించి, గొంతు సవరించుకుని, నాతో అన్నారు. "సరే. దయామణీ, నువ్వే ఎక్కు. ఎక్కి, దండ వేసి దిగిపో. నిలబడిపోయేవు. వేసి, దిగిపో."

సహస్ర నవ్వాపుకోలేక కాఫీ కప్పులో ముఖం దాచుకుంది. నేను ప్లేట్లు తీసుకుని వంటగదిలోకి వెళ్ళాను.

ఆ వారమంతా ఆ మాట నా వెంటే తిరిగింది. నేను పనిచేసే కీటాలో, అదే పసిపిల్లల బడిలో, పిల్లలకు యాపిల్ ముక్కలు కోస్తున్నా అదే. అక్కడా అంతే కదా, ఊళ్ళో పదేళ్ళు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని, ఇక్కడ కోర్సు కూడా పాసయ్యాను. అయినా పొద్దున పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి కథ చెప్పే వేళకి మేనేజరమ్మ తియ్యగా అంటుంది, "దయా, నీ చేతులు ఎంత చల్లనివో, పళ్ళ ప్లేటు నువ్వే చెయ్యాలి." నా చేతుల మీద లోకానికి ఎంత ప్రేమో. కొయ్యడానికి, కడగడానికి, ఇస్త్రీ చెయ్యడానికి, చివరికి దండ వెయ్యడానికి కూడా ఇవే కావాలి. దండ వేసిన తర్వాత మాత్రం ఈ చేతుల్ని తీసుకుని కిందికి దిగిపోవాలి. పెళ్ళైన కొత్తలో మామగారి సంవత్సరీకం కూడికలో నేను ప్రార్థన చేస్తే మా అత్తయ్య శ్యామలాదేవి గారు వంటింట్లోకి పిలిచి, "బాగానే చేశావు గానీ, మా వాడికంటే బాగా చేశావు, ఇంకోసారి చెయ్యకు," అన్నారు. చిత్రమేమిటంటే ఆవిడ కోపంగా అనలేదు. జాగ్రత్త చెప్తున్నట్టు అన్నారు. తనకెవరో చెప్పిన జాగ్రత్తే నాకు అందించారు. అప్పట్నుంచి నేను దేవుడితో వంటింట్లోనే మాట్లాడుతున్నాను. బైబిలు నాకెవరూ నేర్పలేదు. అన్నం ఉడికేలోపు ఒక అధ్యాయం, బట్టలు ఆరేలోపు ఇంకొకటి. ఈ ఊరి లైబ్రరీలో దైవశాస్త్రం పుస్తకాలున్నాయని తెలిశాక, డిక్షనరీ పక్కన పెట్టుకుని అవీ చదివాను. ఎందుకు చదువుతున్నావని మా ఆయన అడిగినప్పుడల్లా జర్మన్ మెరుగవుతుందని చెప్పాను. అసలు కారణం పైకి అంటే అది మా ఇంట్లో పట్టేంత చిన్నది కాదు. నాకు ఆ మెట్టెక్కి నిలబడాలని ఉంది. రొట్టె విరిచి ఇవ్వాలని ఉంది. అంతే.

శనివారం కోడికూరకి మిక్సీలో మసాలా పడుతుంటే తన్వి వచ్చి గుమ్మంలో నిలబడింది. దానికి పద్నాలుగేళ్ళు. కోపమొస్తే తెలుగు పోతుంది.

"డన్ మాఖ్ ఇఖ్స్ ఆవుఖ్ నిష్ట్," అంది. ఆవిడ చెయ్యకూడదంటే నేనూ చేయించుకోను, అని.

"నీకెవరు చెప్పారే?"

"సహస్రక్క. మమ్మా, నువ్వు నిజంగా ఆవిడకి చెప్తావా? వద్దని? నువ్వా?"

నువ్వా అన్న ఆ ఒక్క మాట దగ్గర నా మిక్సీ ఆగింది. ఇప్పుడు వద్దంటే ఇది మళ్ళీ చర్చి గడప తొక్కదు, నాకు తెలుసు. దాని వయసు పిల్లలు ఒకసారి లేచి వెళ్ళిపోతే వెనక్కి చూడరు. నాలాగా వంటింట్లో దేవుణ్ణి దాచుకుని బతకదు ఇది. దేవుణ్ణీ వదిలేస్తుంది, నన్నూ వదిలేస్తుంది.

హాల్లోంచి మా ఆయన కేక. "దయా, నా తెల్లచొక్కా ఇస్త్రీ అయిందా?"

"పెట్టె అక్కడే ఉంది, చూసుకోండి," అన్నాను. తన్వి నవ్వింది.

ఆదివారం నేను అందరికంటే ముందు వెళ్ళి వంటగది తెరిచాను. బిషప్ అంటే కారులో, వెనక నలుగురు మనుషులతో దిగుతారని అనుకున్నాను. వంటగది కిటికీ మీద ఎవరో తట్టారు. తెల్లజుట్టు ఆడమనిషి, వీపున సంచి, చేతిలో చిన్న చక్రాల పెట్టె. హాలు తలుపు తాళం వేసి ఉందనీ, తను ట్రాములో కాస్త ముందొచ్చేశాననీ చెప్పింది. లోపలికి రాగానే పెట్టె తెరిచి బిషప్ కర్ర బయటికి తీసింది. మూడు ముక్కలు. మరలు తిప్పి బిగించి గోడకి ఆనించి, "రైల్లో పట్టదు మరి," అని చొక్కా చేతులు పైకి మడిచింది. నేను వద్దంటున్నా వినకుండా సింకు దగ్గర నా పక్కన నిలబడి బ్రష్షు అందుకుంది.

గ్లాసులు తోముతూ తన సంగతి తనే చెప్పింది. పుట్టింది బ్రేమర్‌హాఫెన్ రేవులో. తల్లి చేపల కార్ఖానాలో హెర్రింగు చేపలు చీరే పని చేసేదట. ఆదివారం ఎంత రుద్దుకున్నా చేతుల వాసన పోదని, చర్చిలో ఎప్పుడూ ఆఖరి బెంచీ మీదే కూర్చునేదట. ఈవిడ ఇదే బ్రెమెన్‌లో పదిహేనేళ్ళు ట్రాము నడిపింది. సాయంత్రాలు దైవశాస్త్రం చదివింది. ఒక కమిటీ వద్దంది, రెండో కమిటీ ఆలోచిస్తామంది. చర్చి గురువుగా, అంటే పాస్టరుగా, అభిషేకం దొరికేసరికి నలభై దాటిపోయాయి. మొదటి చర్చిలో ఒక ముసలాయన రొట్టె కోసం వరుసలో వచ్చి, ఈవిడ ముఖం చూసి, పక్క వరుసలోకి మారిపోయేవాడట వారం వారం.

"కోపం రాలేదా?" అని అడిగాను.

"వచ్చేది. ట్రాము నడిపే రోజుల్లో కూడా కొందరు నన్ను చూసి ఎక్కేవాళ్ళు కాదు. నేను తలుపు తెరిచి కాసేపు ఆగేదాన్ని. ఎక్కితే సరే. లేకపోతే తలుపు మూసి బండి కదిలించేదాన్ని. ఎక్కనివాళ్ళ కోసం ఎక్కినవాళ్ళని ఆలస్యం చెయ్యకూడదు కదా?" గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసింది. "బిషప్‌గా ఎన్నికైన రోజు అందరూ మా ఆయన దగ్గరికెళ్ళి మీకు కష్టంగా లేదా అని అడిగారు. ఆయన బేకరీలో పని. పొద్దున్నే లేవడమే నాకు కష్టం అన్నాడు."

నేను నవ్వాను. నవ్వి, చేతులు తుడుచుకుని, చెప్పేశాను. "మీరు ఇవాళ బల్ల ఇవ్వకూడదనీ, పిల్లల మీద చేతులుంచకూడదనీ మీకు చెప్పమన్నారు. దండ మాత్రం నన్ను వేసి దిగిపొమ్మన్నారు."

ఆవిడ బ్రష్షు ఆగలేదు. "చెప్పడానికి మిమ్మల్ని ఎందుకు పంపారు?"

"ఆడదాన్ని కాబట్టి."

"సరే. మీరేమంటారు?"

ఈ ప్రశ్న. ఇంత చిన్న ప్రశ్న. పుట్టింట్లో, అత్తింట్లో, స్కూల్లో, కీటాలో, సంఘంలో, పడకగదిలో నన్ను ఎవరూ అడగనిది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగారు, పిల్లకి జ్వరం తగ్గిందా అని అడిగారు, చొక్కా అయిందా అని అడిగారు. నువ్వేమంటావని కాదు. అడక్కపోతే మనిషి దగ్గర జవాబు లేదని కాదు గదా. అది లోపల పులిసి పులిసి ఉంటుంది. మూత తీస్తే పొంగుతుంది.

"ఆ మాట వాళ్ళది, చెప్పాను, నా పని అయిపోయింది," అన్నాను. "నా మాట వేరు. నా కూతురి తల మీద మీ చేతులుండాలి. వచ్చే ఏడాది కాదు, ఇవాళ. ఇంకోటి కూడా ఉంది. నేను మీలాగా గురువుని కావాలనుకుంటున్నాను. నవ్వొద్దు."

ఆవిడ నవ్వలేదు. చేతిలోని గ్లాసు ట్రేలో పెట్టింది. "నాకు బల్ల దగ్గర ద్రాక్షరసం పాత్ర అందించే మనిషి కావాలి ఇవాళ. దండ మీరే వేస్తారన్నారుగా. వేశాక దిగకండి."

"దానికి ఎవరి అనుమతి ఉండాలి?"

"బిషప్ అనుమతి," అంది ఆవిడ. "ఇచ్చాను."

మధ్యాహ్నానికి హాలు నిండింది. మన పద్ధతే, కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు. హాంబుర్గ్ అయ్యగారు కూడా వచ్చి మగవాళ్ళ వైపు కూర్చున్నారు. మొదటి పాట అయ్యాక డాక్టరు గారు సైగ చేశారు. నేను చెప్పులు విప్పి, దండ పట్టుకుని ఆల్టర్ మెట్టు దగ్గరికెళ్ళాను. ఆ మెట్టు మీది ఎర్ర కార్పెట్టు నాకు కొత్తేమీ కాదు, ప్రతి ఆదివారం ఆరాధనకి ముందొచ్చి వాక్యూమ్ పట్టేది నేనే. వాక్యూమ్ చేతిలో ఉంటే ఎక్కొచ్చు. ఎక్కాను. దండ వేశాను, శాలువా కప్పాను. ఫొటోలు తీశారు, శిలువ కూడా పడింది.

నేను దిగలేదు.

"దిగమ్మా," అన్నారు డాక్టరు గారు, పెదవులు కదలకుండా. తర్వాత పైకే, "దయామణీ! దిగు!"

తన్వి మొదటి వరుసలోంచి నన్నే చూస్తోంది. బిషప్ ఒక అడుగు ముందుకేసి జర్మన్‌లో రెండు మాటలు చెప్పింది. సహస్ర లేచి తెలుగులో అరిచి చెప్పింది. "మీరు బిషప్‌ను పిలిచిన్రు, బిషప్ వచ్చింది, బిషప్ చేసే పని చేస్తదంట. ఇష్టం లేనోళ్ళు కూసోవచ్చు, ఆమెకేం కోపం లేదంట." ఆగి, "నాకైతే ఉంది," అని తన మాట కూడా కలిపింది.

పిల్లలు ఒక్కొక్కరూ వచ్చారు. తన్వి మోకరించింది. చేపలు చీరిన తల్లి కూతురు, ట్రాము నడిపిన చేతులు నా కూతురి తల మీద పెట్టింది. నాకు ఇంకేమీ కనబడలేదు కాసేపు.

తర్వాత బల్ల. ఆవిడ చిన్న గ్లాసులు ముట్టుకోలేదు. ఒకటే వెండి పాత్ర నా చేతికిచ్చింది. మన దగ్గర ముందు మగవాళ్ళు లేవాలి. ఎవరూ లేవలేదు. అప్పుడు ఎడమవైపు నుంచి సహస్ర లేచింది, దాని వెనక ఇంకొకామె, దాని వెనక మొత్తం వరుస. "నీ కొరకు చిందింపబడిన క్రీస్తు రక్తము," అంటున్నాను నేను, ఒక్కొక్కరి పెదవులకూ పాత్ర ఆనిస్తూ. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆడవాళ్ళ వరుస అయిపోవచ్చాక కుడివైపు నుంచి కుర్రాళ్ళు కొందరు వచ్చారు. అందరి తర్వాత మా ఆయన. తెల్లచొక్కాకి ఒక భుజం మీద ముడతలు, తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా దయా," అన్నాడు గుసగుసగా.

"తాగండి," అన్నాను. తాగాడు.

డాక్టరు గారు రాలేదు. ఆయనా, హాంబుర్గ్ అయ్యగారూ కుర్చీల్లోంచి కదల్లేదు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి డాక్టరు గారూ, అందరి ముందే. ప్రతి ఏడాది సంఘ వార్షికోత్సవం నాడు మీరు లేచి సాక్ష్యం చెప్తారు. మీ నాన్న టీ కొట్టు బయట నిలబడి, తనకోసం వేరేగా పెట్టిన గ్లాసులో టీ తాగి, ఆ గ్లాసు తనే కడిగి పెట్టి వచ్చేవాడని. చెప్తూ ఏడుస్తారు. నేనూ ఏడుస్తాను, ఎందుకంటే మా తాత తాగిందీ ఆ గ్లాసే. గుడి మెట్టు ఎక్కనివ్వలేదని కదండీ మనం చర్చికి వచ్చింది? వచ్చి ఏం చేశాం? మనకంటూ ఇంకో మెట్టు కట్టుకున్నాం. దాని కింద మన ఆడవాళ్ళని నిలబెట్టాం. గ్లాసులు వాళ్ళ చేత కడిగించాం.

ఆ రోజు భోజనాలయ్యాక వంటగదిలోకి డాక్టరు గారు వచ్చారు. చేతుల్లో ట్రే, ఎవరూ ముట్టని నిండు గ్లాసులు. ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్నారు, వంటగది ఎప్పుడైనా చూస్తేగా.

"ఇయ్యేం చెయ్యాలమ్మా?"

"ఆ రసం బయట నేల మీద పోసి, ఇవి కడగాలి డాక్టరు గారూ. బ్రష్షు అదిగో."

నన్ను తిడతారనుకున్నాను. పెరట్లోకి వెళ్ళి రసం మట్టిలో పోసి వచ్చారు. కోటు విప్పి తలుపుకి తగిలించారు. ఒక గ్లాసు కడిగి, వెలుతురుకి ఎత్తి చూశారు. "అడుగున పోవటంలా."

"తిప్పాలి."

తిప్పారు. ముసలి వేళ్ళు, ఒకప్పుడు ఎంతోమంది చెవులకి ఆపరేషన్లు చేసిన వేళ్ళు. రెండు గ్లాసులు కడిగి, మూడోది చేతిలో పట్టుకుని, "మా నాన్నకి బ్రష్షు గూడా లేదు," అన్నారు. కోటు తీసుకుని వెళ్ళిపోయారు. మిగతావి నేను కడగలేదు. జన్మలో మొదటిసారి మురికి గ్లాసులు సింకులో వదిలేసి ఇంటికొచ్చాను. బాగా నిద్రపట్టింది.

బిషప్ నాకు మార్చిలో టెర్మిన్ ఇచ్చింది. చదువు ఉంటుంది, కమిటీలుంటాయి, ఏళ్ళు పడుతుంది, వద్దని కూడా అనొచ్చు, అని దాచకుండా చెప్పింది. "ఈ వయసులోనా?" అన్నాడు మా ఆయన. నాకు నలభై ఆరు. ఆ మాట అన్నాడు గానీ, కమిటీ భార్యాభర్తలిద్దర్నీ పిలుస్తుందని తెలిశాక, "నన్నేం అడుగుతారు?" అని కంగారు పడుతున్నాడు. మీకు కష్టంగా లేదా అని అడుగుతారు, జవాబు ఇప్పట్నుంచే నేర్చుకోండి అన్నాను.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తున్నాను, వినండి. చిన్న గ్లాసులు ఉంచుకుంటారో, ఒకే పాత్ర చేస్తారో మీ ఇష్టం, కానీ వచ్చే ఆదివారం నుంచి కడగడానికి మగవాళ్ళు రావాలి. రసం పోసిన చేతులే దాన్ని ఆల్టర్ దాకా మొయ్యాలి. ఆ రోజు ప్రసంగం నేను చేస్తాను, వంటింట్లో కాదు, ఆ మెట్టు మీద నిలబడి. మా అత్తయ్య గారికి వీడియోలో చూపించే పని తన్వి చూసుకుంటుంది. వద్దనే మాట ఏదైనా ఉంటే ఇంకో ఆడమనిషి చేత కబురు పంపకండి. మీరే వచ్చి నా ముఖం మీద చెప్పండి. వచ్చేటప్పుడు ఏప్రన్ కట్టుకుని రండి, ఆ గ్లాసులు ఇంకా సింకులోనే ఉన్నాయి.